వీడెన్‌కాంప్ గారి ఐదు రాళ్లు

ప్రజాస్వామ్యంలో ఒక నాయకుడు ఎంత ఎదిగాడో తెలియాలంటే ఆయన జీవితచరిత్ర చదవనక్కర్లేదు, ఆయన పేరిట చెక్కిన రాళ్లు లెక్కపెడితే చాలు. ఈ లెక్కన జర్మనీలో ఒక మహానగరానికి మేయరుగా చేసిన సోషల్ డెమోక్రాట్ హార్స్ట్ వీడెన్‌కాంప్ గారి రాజకీయ జీవితం మొత్తం అత్వెల్లిలో, హైవే పక్కన, నా బండల దుకాణం గోడకు ఆనించి ఉండేది. ఐదు రాళ్లు. నల్ల గ్రానైటు, నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు.

ఆయనకూ మాకూ సంబంధం ఒక మనిషి జారిపడటంతో మొదలైంది. 1995 వానాకాలంలో మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీకి యంత్రం బిగించడానికి వచ్చిన జర్మన్ మెకానిక్, సాయంత్రం గౌడవెల్లి వైపు షికారుకు పోయి, వాగు దాటబోయి పడ్డాడు. మనవాళ్లు ఆ వాగులో తాతల నాటి నుంచీ పడుతున్నారు గానీ అది ఉత్తరం రాయదగిన విషయమని ఎవరికీ తోచలేదు. అతను రాశాడు. ఆ ఉత్తరం అందుకున్న వార్డు కౌన్సిలరే వీడెన్‌కాంప్. లేతు మిషను మీద పని నేర్చుకుని, పంతొమ్మిదో ఏట పార్టీలో చేరి, ఇరవై ఏళ్లు మంచులో ఇంటింటికీ కరపత్రాలు పంచి కౌన్సిలర్ అయిన మనిషి. వార్డులో చందాలు పోగుచేసి, వాగు మీద కల్వర్టు కట్టండని పంపాడు. ఆ చందా ప్రభుత్వ ఖాతాలో భద్రంగా చేరింది. (ఇప్పటికీ భద్రంగానే ఉంది.)

ఇక కట్టడమే తరువాయి అనుకుంది దుర్గమ్మ. ఆమె ఇల్లు వాగు అవతల. కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని, కూతురు బిందును చేత్తో పట్టుకుని రోజూ వాగులో దిగి ఇవతలికి వచ్చేది. బిందు అప్పుడు ఒకటో తరగతి. బడి ఇవతల ఒడ్డున ఉంది కాబట్టి వాగు పొంగినప్పుడల్లా పిల్లకు గైర్హాజరు పడేది.

కానీ పాలన అన్నాక పద్ధతి ఉంటుంది. శంకుస్థాపన లేనిదే పని లేదు, శిలాఫలకం లేనిదే శంకుస్థాపన లేదు. శిలాఫలకాల సమన్వయ విభాగం సూపరింటెండెంట్ జానకిరామయ్య గారు నా దుకాణంలో కుర్చీ వేయించుకుని మరీ నియమాలు చదివి వినిపించారు. చందా పంపినవారే ముఖ్య అతిథి, ఆయన పదవి శంకుస్థాపన రోజున ఏదైతే ఉందో అదే రాతి మీద ఉండాలి. రాయి రెండు వైపులా నునుపు చేయాలి (అతిథి వెనక నుంచి వస్తే?).

‘కౌన్సిలర్’ అని చెక్కాను. ఫైలు ఆరు కార్యాలయాలు తిరిగి వచ్చేసరికి ఆయన కౌన్సిల్‌లో పార్టీ నాయకుడయ్యాడు. రెండో రాయి చెక్కాను. ఫైలు వచ్చేసరికి ఉప మేయరు. మూడోది చెక్కాను. నేను వ్యాపారిని, లెక్క వేసి చూశాను. ఆయన ఒక మెట్టు ఎక్కడానికి సుమారు పద్దెనిమిది నెలలు పడుతోంది, మా ఫైలుకు ఇరవై ఒకటి. తేడా మూడు నెలలే. ఆ మూడు నెలల తేడాలోనే బిందు నాలుగో తరగతికి వచ్చింది.

“సేటూ, గా జర్మనాయన ఇగ ఎదగకుంటే ఏమైతది?” అని అడిగింది దుర్గమ్మ.

“ఎందుకమ్మా, పాపం?”

“ఒక్కతాన నిలవడితే మాకు కల్వర్టొస్తది గదా. జర నిలవడుమని ఉత్తరం రాయరాదు?”

రాయలేదు. ఒక మనిషి ఎదుగుదలను ఆపమనడానికి మాకు నమూనా దరఖాస్తు లేదు.

2000లో ఆయన మేయరయ్యాడు. ‘మేయరు’ అని నాలుగో రాయి చెక్కాను. ఇంతకన్నా పైమెట్టు ఆ నగరంలో లేదు కాబట్టి గండం గడిచిందనుకున్నాం. జానకిరామయ్య గారు రాయి చుట్టూ రెండుసార్లు తిరిగారు.

“మేయరే, కాదంటలేను. ఏ తీరు మేయరు? కౌన్సిలర్లు ఎన్నుకున్నరా, జనం ఎన్నుకున్నరా?”

“జనమే, సార్.”

“మరి గా ముచ్చట రాతి మీద ఏది?”

ఐదో రాయి మీద ‘నగర ప్రజలందరిచే నేరుగా ఎన్నుకోబడిన మేయరు’ అని నాలుగు వరుసల్లో చెక్కాను. ఫైలు అన్ని సంతకాలతో, మొదటిసారి ఏ ప్రశ్నా లేకుండా, 2004 సెప్టెంబరులో వచ్చింది. ఆ నెలలోనే నగర ప్రజలందరూ నేరుగా ఆయన్ని ఓడించారు.

“మాజీలు శంకుస్థాపన జేస్తే పునాది నిలవడదా సార్?” అంది దుర్గమ్మ.

“పునాది నిలవడుతది. ఫైలే నిలవడదు,” అన్నారు జానకిరామయ్య గారు.

బిందు అప్పటికి పదో తరగతి. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వనని హెడ్మాస్టరు రాజారావు గారు చెప్పేశారు. అక్టోబరు మొదటి వారంలో వాన ఆగలేదు. దుర్గమ్మ తడిసిన చీరతోనే దుకాణానికి వచ్చింది.

“ఆయన ఓడిండు, ఓడనియ్యి. నా బిడ్డ ఓడొద్దు. గీ రాళ్లు నాకియ్యి సేటూ.”

పేరు చెక్కిన రాయి ఆ పేరున్నవాడికి తప్ప పనికిరాదు. వీడెన్‌కాంప్ అనే ఇంటిపేరు మేడ్చల్ మండలంలో ఇంకెవరికీ లేదని విచారించి మరీ నిర్ధారించుకున్నాను. ఇచ్చేశాను. నా దుకాణానికి బండలు తోలే ఎల్లేష్ ట్రాక్టరు తెచ్చాడు. వాగు అడ్డంగా గుండ్లు పేర్చి, వాటి మీద ఐదు రాళ్లూ వరసగా పరిచాం. నియమం ప్రకారం వెనకవైపు కూడా నున్నగా ఉండటంతో కాలు జారింది. తిరగేసి అక్షరాలు పైకి పెడితే పట్టు దొరికింది. పదవి ఎంత పొడుగైతే పట్టు అంత బాగుంది. ఐదో రాయి మీద బిందు పరుగెత్తేది. హాజరు సరిపోయింది, హాల్ టికెట్ వచ్చింది.

ఫిబ్రవరిలో వీడెన్‌కాంప్ గారు, తన చందాతో కట్టిన కల్వర్టు చూద్దామని, సొంత ఖర్చుతో వచ్చారు. వాగులో మోకాలి లోతు నీళ్లు. అంత ఎత్తు మనిషి బూట్లు చేత పట్టుకుని, కౌన్సిలర్ నుంచి మేయరు దాకా ఒక్కో రాయీ దాటారు. అక్షరాలు తెలుగువే అయినా ఏ రాతి మీద ఏముందో బిందు ఇంగ్లీషులో చెబుతూ ముందు నడిచింది. అవతలి ఒడ్డున ఆయన కూర్చుని బూట్లు తొడుక్కున్నారు. ఎందుకు ఓడిపోయారని జానకిరామయ్య గారు బిందు చేత అడిగించారు. మా ఊళ్లో ఒక వంతెన తొమ్మిది నెలలు ఆలస్యమైంది, జనం క్షమించలేదు అన్నారాయన.

“తొమ్మిది నెలలల్లనా!” జానకిరామయ్య గారు నోరు తెరిచారు. “గంత జల్దీ ఎట్ల గట్టిండ్రు?”

ఆయన కళ్లముందే ఒక విదేశీయుడు పడకుండా వాగు దాటాడు కాబట్టి, కల్వర్టు పూర్తయినట్టు ఆ వారమే నివేదిక వెళ్లింది. ఆరో రాయి చెక్కాను. అందులో జానకిరామయ్య గారితో కలిపి పదకొండు మంది అధికారుల పేర్లున్నాయి. దాని ఫైలు ఇరవై ఒక్క నెలల్లో కాదు, నాలుగు రోజుల్లో వచ్చింది. ఒడ్డున నిలబెట్టి చుట్టూ ఇనుప కంచె వేశారు.

ఆ వానాకాలం వాగు పొంగి ఐదో రాయిని తీసుకుపోయింది. దుర్గమ్మ గంప దించి, ఖాళీ అయిన చోటును చూసింది. తర్వాత కంచె లోపలి రాయిని చూసింది. పొడవూ వెడల్పూ సరిగ్గా సరిపోతాయి.

“దాని జోలికి పోకు,” అన్నారు తనిఖీకి వచ్చిన జానకిరామయ్య గారు. “ఈడ కల్వర్టున్నదనేదానికి మా తాన ఉన్న రుజువు గదొక్కటే.”