పై చేతి పిన్ను

నిన్న సాయంత్రం ట్రాక్టరు వెనక తన చేత్తో వేలాడదీసిన పిన్ను తెల్లారేసరికి మాయమైంది.

జగన్నాధం వంగి చక్రాల కింద చూశాడు. గొర్రు పళ్ల మధ్య చూశాడు. గడ్డివాము చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ చక్రాల కిందే చూశాడు. లేదు. బొటనవేలంత లావు, జానెడు పొడవు, నిలువెల్లా గ్రీజు. అంతే వస్తువు. కాని అది లేనిదే ఇవాళ్టి పని లేదు.

ట్రాక్టరుకు వెనకాల మూడు చేతులుంటాయి. కింది రెండు చేతులూ ఇనప గొర్రును రెండు పక్కలా పట్టుకుంటాయి. పై చెయ్యి దాని మెడ పట్టుకుంటుంది. ఆ మెడ దగ్గర గుచ్చే పిన్నే పోయింది. అది లేకుండా లిఫ్టు ఎత్తితే గొర్రు వెనక్కి వాలిపోతుంది. తాగి పడిపోయినవాణ్ణి ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తెస్తున్నట్టుంటుంది వ్యవహారం.

అరవై ఎనిమిదో సంవత్సరం తొలకరి అది. నిన్న సందెవేళ మంచి వాన పడి వెలిసింది. మేనమామ అప్పలసూరి గోగు వేసే మెట్టను ఈ పొద్దే దున్నాలి. మధ్యాహ్నం ఎండ తగిలితే ఆ ఎర్రనేల పదును పోయి బిగుసుకుపోతుంది. పైగా మాటొకటి ఉంది. ఎద్దులన్నీ అమ్మేసి ట్రాక్టరు కొన్నందుకు ఊళ్లో జగన్నాధాన్ని చూసి నవ్వనివాడు లేడు. అందరికంటే ముందు నవ్వినవాడు అప్పలసూరి. "ఒరే, నా మెట్ట ఒక్క పూటలో దున్ని సూపించు. ఊరంతా నీ ఎనకాలే వస్తాది. సూపించలేకపోతే దాన్ని అమ్మేసి ఎద్దుల్ని తోలుకురా" అన్నాడు, పదిమందిలో. జగన్నాధం మీసం మీద చెయ్యివేసి సరేనన్నాడు. ఇప్పుడు ఆ చేత్తోనే చక్రాల కింద తడుముతున్నాడు.

"అమ్మా! ఇక్కడ పిన్ను తీసినావేటి?"

"నానెందుకు తీస్తానురా?" అంది తవిటమ్మ, పెరట్లో పేడ కలుపుతూనే. "ఎద్దులైతే పేరెట్టి పిలిస్తే వచ్చి కాడి కింద మెడ ఎడతాయి. దీనికైతే నువ్వే ఎనక్కి ఎనక్కి ఎళ్లి బతిమాలాలి. ఇప్పుడు దానికి మెడకాయ కూడా లేకపోనాదా?"

ఆ గొడవకి అరుగుమీద దుప్పటి కదిలింది. అందులోంచి చినబాబు లేచాడు. జగన్నాధం చెల్లెలు పద్మకుమారి భర్త. చీపురుపల్లిలో సైన్సు మాస్టారు. భార్య పుట్టింట్లో ఆడపిల్లను కంటే, వేసవి సెలవులు కదా అని వచ్చి వారంగా అరుగుమీద మకాం పెట్టాడు. మైల తీరేదాకా పురుటి గదిలోకి మగవాళ్లు అడుగుపెట్టకూడదు. గుమ్మంలో మంత్రసాని దాలమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ కాళ్లు దాటడం ఎవరితరమూ కాదు.

వచ్చిన రోజే చినబాబు గుమ్మం బయటినుంచి తొంగిచూసి మండిపడ్డాడు. గాలీ ధూళీ సోకకుండా తవిటమ్మ పురుటి మంచం కింద కొడవలి పెట్టింది. "ఇనుముకు దయ్యాలు భయపడవు, అత్తయ్యా. తుప్పు ఇనుముకు మనుషులే భయపడాలి. ధనుర్వాతం వస్తుంది" అని అరగంట పాఠం చెప్పి, ఆ కొడవలిని గోడవతలికి విసిరేయించాడు. అల్లుడి మాట కాదనలేక ఆవిడ పళ్లు బిగబట్టి ఊరుకుంది.

"కంగారుపడకు, బావా" అన్నాడు చినబాబు, చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుంటూ. "ప్రతి కార్యానికీ కారణం ఉంటుంది. నిన్న సాయంత్రం ఇక్కడికి ఎవరొచ్చారు?"

"సోములొచ్చినాడు. గొర్రు చుట్టూ తిరిగి పళ్లు లెక్కెట్టుకుని పోనాడు."

"ఏ సోములు? ఎడ్లతో కూలికి దున్నేవాడేనా? నీ ట్రాక్టరు నడిస్తే వాడి కాడి మూలపడుతుంది. ఇంకేం కావాలి? ఒక్క నిమిషం ఉండు, ఇప్పుడే వస్తా." చెంబు పట్టుకుని పెరటివైపు పరుగెత్తాడు. ఇంటి వెనక చుట్టూ తిరిగి వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

సోములు తన ఇంటిముందు గోనెసంచి విప్పబోతూ కనిపించాడు. వీళ్లిద్దర్నీ చూడగానే దాన్ని వెనక్కి దాచాడు. సంచిలో ఏదో గలగలమంది.

"ఏటున్నాదిరా అందులో?" జగన్నాధం మీదికి వెళ్లాడు.

"నీకెందుకు?"

"సూపించెహే!"

లాక్కోవడంలో సంచి చిరిగింది. లోపలివి నేలమీద దొర్లాయి. మువ్వలు. కొత్త ఇత్తడి మువ్వలు, రెండు ఎద్దుల మెడలకు సరిపడా.

"సూసినావా? తృప్తేనా?" సోములు గుండె బాదుకున్నాడు. "నీ బండి ఈ యాల ఆగిపోతాది కదా, మా ఎడ్లకు కట్టి ఊరేగిద్దావని తెచ్చుకున్నాను. దానంతటదే ఆగిపోయే బండికి నాను దొంగతనం సెయ్యాలేటి? నన్ను దొంగంటారా! రండి, అందరూ రండి!"

అందరూ వచ్చారు. జగన్నాధం ఇంటికి తిరిగి వచ్చేసరికి వెనకాల సగం ఊరుంది. పట్నంలో కంపెనీ షాపుకు వెళ్లి రావాలంటే పొద్దు గుంకుతుంది. కమ్మరి బొబ్బిలిలో వియ్యాలవారింట్లో ఉన్నాడు. చినబాబు మళ్లీ చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్లి, మళ్లీ దిగులుమొహంతో వచ్చాడు.

పురుటి గది కిటికీలోంచి దాలమ్మ గొంతు వినిపించింది. "ఓ తవిటమ్మా! మేస్టారికి కడుపు కట్లు తెంచుకున్నాది. పొద్దుటినుంచీ ఇటే తిరగతన్నారు. వాము కాసి ఇయ్యి!"

తవిటమ్మ వాము కషాయం కాచి లోటాడు తెచ్చింది. చినబాబు మారుమాట లేకుండా గుటకలేసి తాగాడు. తాగాక ఏదో నిశ్చయించుకున్నట్టు చేతులు దులుపుకున్నాడు.

"బావా, చింత చేవ తెప్పించు. అదే లావున మేకు చెక్కుదాం. గొర్రు బరువు మోసేవి కింది రెండు చేతులే. పై చెయ్యి ఊరికే ఆపుతుంది. ఒక్క పూట ఆగదా?"

సైన్సు మాస్టారు చెప్పాడు కదా అని చెక్కారు. జగన్నాధం ట్రాక్టరు వెనక్కి నడిపాడు. ఎడమ చెయ్యి కుదిరితే కుడి చెయ్యి కుదరలేదు. కుడిది కుదిరాక పై చెయ్యి బెత్తెడు దూరంలో నిలిచింది. "ఎద్దులైతే..." అని తవిటమ్మ అందుకుంది. చివరికి చింతమేకు దూరింది. లిఫ్టు ఎత్తితే గొర్రు లేచింది. జనం ఓహో అని అరిచారు, కొందరు నిరాశతో.

"ఒరే, ఆగు!" తవిటమ్మ ఒక బుట్ట తెచ్చి గొర్రు చట్రం మీద పెట్టి తాడు బిగించింది. "దారే కదా. గానుగ దగ్గర ఇచ్చీ. పిల్ల ఒంటికి రాయడానికి ఆవుదం లేదు."

"దున్నడానికి ఎళ్తన్నానే!"

"పిల్లకి నువ్వు మేనమావ్వి కావేటి?"

ఆముదం గింజల బుట్టతో ట్రాక్టరు బయల్దేరింది. అప్పలసూరిని కూడా ఎక్కించుకుని మెట్టకు వెళ్లాలని జగన్నాధం ఆలోచన. మామ ఇంటి మలుపు దగ్గర చిన్న గుంట వచ్చింది. వెనకాల ఫట్‌మని చప్పుడైంది. ఇంజను మోతలో అతనికి వినపడలేదు. జనం చేతులూపుతూ అరవడం మాత్రం కనపడింది. ఉత్సాహపరుస్తున్నారనుకుని తనూ చెయ్యి ఊపాడు. ట్రాక్టరు తిప్పుకోడానికి మామ ముంగిట్లోకి పోనిచ్చి, దర్జాగా ఓ చుట్టు చుట్టి, గుమ్మానికి ఎదురుగా ఆపాడు.

అప్పుడు వెనక్కి చూశాడు.

చింతమేకు రెండు ముక్కలై ఎక్కడో రాలిపోయింది. వాలిపోయిన గొర్రు పళ్లన్నీ దించింది. వానకు నానిన నేల చక్కగా తెగింది. అప్పలసూరి భార్య లక్ష్మణమ్మ వేసిన ముగ్గు సగం ఉంది, మిగతా సగం చాళ్లయింది. ఒరిగిన బుట్టలోంచి ఆముదం గింజలు ఆ చాళ్లలో ఒద్దికగా పడ్డాయి.

లక్ష్మణమ్మ చేతిలో ముగ్గుబుట్ట జారిపోయింది. ఆ పక్క ఊళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. పగవాడి ఇల్లు కూల్చి, ఆ ఇల్లున్న చోటు దున్ని ఆముదాలు చల్లడం కంటే పెద్ద పగ లేదు. కోపం వచ్చినప్పుడు ఆ మాట అననివాడు లేడు. చేసినవాణ్ణి మాత్రం ఇదే చూడటం.

అప్పలసూరి గుమ్మంలోకి వచ్చాడు. చాళ్లు చూశాడు. గింజలు చూశాడు. మీసాలు లేచాయి.

"ఒరే జగన్నాదం! మెట్ట దున్నమంటే నా ముంగిలి దున్ని ఆవుదాలు సల్లినావురా? నానింకా బతికే ఉన్నానురా!"

"మావా, మేకు ఇరిగిపోనాది, మావా!"

"మేకు ఇరిగితే ఆవుదాలు మొలుస్తాయేటిరా?"

"అమ్మ గానుగకిమ్మన్నాది!"

"మా అప్ప కూడా కలిసినాదా ఇందులో!" అన్నాడు అప్పలసూరి, అక్క మాట వినగానే. లక్ష్మణమ్మ ఒక్కసారిగా ఏడుపందుకుంది.

సోములు చాలులోకి వంగి ఒక గింజ ఏరి వెలుతురులో పట్టి చూశాడు. "ఇత్తనం మంచిదే. ఎడం కూడా సరిగ్గానే పడ్డాది" అన్నాడు న్యాయంగా.

అప్పలసూరి తీర్పు చెప్పేశాడు. మెట్ట సోములే దున్నాలి. ఆ పనయ్యాక అవే ఎడ్లను ట్రాక్టరుకు కట్టి చీపురుపల్లి దాకా ఈడ్పించాలి, అమ్మకానికి. సోములు ఎడ్లకోసం పరుగెత్తాడు. నిమిషాల్లో కొత్త మువ్వలు వీధిలో మోగాయి. ఎండ చురుక్కుమంటోంది. జగన్నాధం సీటు మీదే కూలబడి పొగలొస్తున్న నేలను చూస్తున్నాడు. పదును పోతోంది. మాటా పోయింది. ఇక పోవలసింది ట్రాక్టరే.

అంతలో అతని ఇంటివైపునుంచి దాలమ్మ కేక ఊరంతా చీల్చింది. "బాబోయ్! పిల్ల నల్లబడిపోనాది!"

పగ పగలాగే ఉంది. కాని అందరికంటే ముందు పరుగెత్తినవాడు అప్పలసూరి. వెళ్లేసరికి గుమ్మంలో తవిటమ్మ తల బాదుకుంటోంది. దాలమ్మ చేతుల్లో పిల్ల. చెంప నలుపు, పిడికిలి నలుపు. "కొడవలి తీయించీసినారు! సోకీసినాది!" అని తవిటమ్మ శోకం. చినబాబు గోడకు ఆనుకుని పాలిపోయాడు.

దాలమ్మ తడిగుడ్డతో చెంప తుడిచింది. నలుపు గుడ్డకు వచ్చేసింది. వాసన చూసింది. "ఇదేటి, ట్రాక్టరు కంపు!" అని లోపలికి వెళ్లి పక్కబట్టలు దులిపింది. ఠంగుమని ఏదో నేలమీద పడింది.

పిన్ను.

జగన్నాధం చెయ్యి చాచేలోగా అప్పలసూరి దాన్ని అందుకుని పిడికిట్లో బిగించాడు. "ఆగు. ముందు దొంగ తేలాలి. ఎవరో తీసీసినారంటే నీ తప్పు లేదు, నా మాట మీద నానుంటాను. నువ్వే దాచి నాటకాలాడితే ఎడ్లు తయారుగా ఉన్నాయి."

"ఇంకెవరు! కొడవలి పోనాదని అమ్మే ఎట్టుంటాది!"

"నానా?" తవిటమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "నా ఇంట్లో కత్తిపీట లేదేటిరా? ఈ జిడ్డు మేకు పసిపిల్ల పక్కలో ఎడతానా?"

"అయితే ఒట్టెయ్యండి" అన్నాడు అప్పలసూరి. "పిల్ల నెత్తిమీద సెయ్యి సాపి, నాను ఎరగనని సెప్పండి. మైలకి తర్వాత నీళ్లోసుకుందాం."

దాలమ్మ పిల్లను గుమ్మం దగ్గరికి తెచ్చింది. తవిటమ్మ చెయ్యి చాపి ఒట్టేసింది. జగన్నాధం వేశాడు. "నన్నూ అనుమానించినారు కదా" అని సోములు ఎడ్ల పగ్గాలు వదిలి వచ్చి వేశాడు.

"ఇక నువ్వు, మేస్టారూ."

చినబాబు గొంతు సవరించుకున్నాడు. "మామయ్యగారూ, ఒట్లు మూఢనమ్మకం. తలమీద చెయ్యి పెడితే అబద్ధం నిజం కాదు, నిజం అబద్ధం కాదు. శాస్త్రప్రకారం..."

"మరైతే నీకు భయమేటి? ఊరికే ఓసారి ఎట్టు."

చినబాబు చెయ్యి చాపాడు. అది పిల్ల నెత్తికి బెత్తెడు పైన ఆగిపోయింది. కిందికి దిగలేదు. నిద్రలో పిల్ల పెదవి విరిచింది. అతను నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేనే, బావా" అన్నాడు. "నేనే తీశాను. నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కాని పిల్ల రాత్రిళ్లు ఉలిక్కిపడి గుక్కపెట్టి ఏడుస్తోంది. అరుగుమీద పడుకుని వింటూ ఉండాలి, లోపలికి వెళ్లడానికి లేదు. కొడవలి విసిరేయించింది నేను. మళ్లీ పెట్టండని అత్తయ్యను ఏ మొహంతో అడగను? చీకట్లో చేతికి తగిలిన ఇనుము ఇదొక్కటే. కిటికీలోంచి పక్కబట్టలో దూర్చాను. తెల్లారేలోగా తీసేద్దామనుకున్నాను. తీరా పిల్ల ఏడుపు ఆపేసింది, నాకూ నిద్ర పట్టేసింది. లేచి చూస్తే దాలమ్మ మంచం జరిపేసింది. పొద్దుటినుంచీ చెంబు పట్టుకుని ఆ కిటికీ చుట్టే తిరుగుతున్నాను. నా కడుపుకేమీ కాలేదు. ఆ వాము నీళ్లు ఊరికే తాగాను."

అప్పలసూరి పిడికిలి విప్పాడు. పిన్ను జగన్నాధం చేతిలో పెట్టాడు. "నడు. పదును ఇంకా ఉన్నాది. ముందు మెట్ట దున్ను, ముంగిలి సంగతి సాయంత్రం సూద్దాం." సోములు ఒక్కొక్క మువ్వే విప్పడం మొదలుపెట్టాడు.

జగన్నాధం రెండంగల్లో వీధిలో పడ్డాడు. చినబాబు అత్తగారివైపు తిరిగాడు. ఇన్నాళ్లూ బళ్లో అరువు తెచ్చుకున్న భాష కాస్తా జారిపోయింది.

"బావ ఆ పిన్ను పట్టుకెళ్లిపోతన్నాడు కదా, అత్తా. పొద్దు గుంకేలోగా ఆ కొడవలి ఏ పక్కన పడ్డాదో సూపించీ, నానే తెచ్చి ఎడతాను."