పిలిస్తే దిగే మనుషులు

విశాఖలో ఇళ్ళు ఇరుకైపోయాక మనుషుల్ని మబ్బుల్లో దాచుకుంటున్నారు. ఇంట్లో ఆకారం మాత్రం ఉంటుంది. అది ఆఫీసుకి వెళ్ళొస్తుంది, అన్నం తింటుంది, ఏదైనా అడిగితే "ఊఁ" అంటుంది, చోటు పెద్దగా పట్టదు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం అసలు మనిషి కోపాలతో, జ్ఞాపకాలతో, గురకతో సహా డౌన్‌లోడ్ అయి నట్టింట్లో దిగుతాడు. అందుకని ఎవరూ ఎవర్నీ పేరుతో పిలవరు.

సువర్చలకి ఇదేమంత కష్టమనిపించలేదు. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదని వాళ్ళమ్మ ఎప్పుడో నేర్పింది. కాపురం సాఫీగానే సాగిపోయింది. ఆయనా ఈమెని "ఏమేవ్" అనేవాడు, పక్కవాళ్ళు "మూడో అంతస్తావిడ" అనేవారు. అలా ఆమె కూడా పైనే ఉండిపోయింది. ఒక్కసారి కిందికి దిగి తనెలా ఉంటుందో చూసుకోవాలని ఆమెకి మహా ఆశ. ఎవరి పేరు వాళ్ళు పిలుచుకుంటే చెల్లదని నిబంధన.

ఒకరోజు ఇంటింటి సర్వేకి జోగారావు వచ్చాడు. పేరు గట్టిగా చదివితేనే అతని యాప్‌లో టిక్కు పడుతుంది. ఎదుట ఉన్నది ఆకారమో అసలు మనిషో చూసుకోకుండా అందర్నీ ఫైళ్ళలా తెరుచుకుంటూ పోవడం ఆ యాప్ అలవాటు.

"వరహాలమ్మ" అని చదివాడు. అత్తగారు ఇత్తడి బిందెలతో సహా దిగింది. "భీమేశ్వరరావు" అన్నాడు. మొగుడు దిగీ దిగగానే ఫ్యాను ఎవరు ఆపారని అడిగాడు. సోఫా బాల్కనీలోకి పోయింది. జోగారావు గోడకి అంటుకుపోయాడు.

సువర్చల చీర సర్దుకుని అతని ఎదుట నిలబడింది.

"తర్వాత నా పేరేనండి. చదవండి."

జోగారావు పైఅధికారికి ఫోన్ చేశాడు. అవసరం లేనిది తెరవొద్దని, మనిషి ఉన్నట్టు రాసుకుని వచ్చెయ్యమని ఆయన చెప్పాడు.

"ఏటనుకోకండమ్మా, ఇల్లు సరిపోదు. భార్య అని రాసీసినాను. మీ పనులేటీ ఆగట్లేదు గదా."

సువర్చలకి ఏడుపొచ్చింది. ఏడవడానికి కావలసిన సరంజామా పైన ఉండిపోవడంతో కళ్ళు తడవలేదు. ఆమె భర్త వైపు చూసింది. పూర్తిగా దిగిన మనిషి కదా, ఆయనకైనా తన పేరు గుర్తుంటుందనుకుంది.

ఆయనకి గుర్తొచ్చింది కూడా. నోరు తెరిచి, ఇల్లంతా ఒకసారి కలయజూసి, మళ్ళీ మూసుకున్నాడు.

"ఏమేవ్, ఇప్పుడు చోటెక్కడుంది. కాస్త టీ పెట్టు."

ఆమె పెట్టింది. టీ ఎప్పటిలాగే బాగా కుదిరింది. తాగినవాళ్ళెవరికీ ఏ లోటూ కనబడలేదు.