పక్షం దాకా చావకూడదు

ఒక పెద్ద అడవిలో జ్వరానికి కూడా ఒక కాలం ఉండేది. తొలకరి పడి నేల నానగానే వణుకుజ్వరం వచ్చేది. కుర్ర జంతువులు నాలుగు రోజులు మూలిగి లేచి తిరిగేవి. ముసలివి చాలామటుకు లేచేవి కావు.

ఆ అడవిలో గవరమ్మ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. మోకాళ్లు వాచిపోయాయి. గుండె అప్పుడప్పుడు గతి తప్పేది. చెదపుట్ట తవ్వాలంటే ఆయాసం. కిందటి వానాకాలం జ్వరంలో ఆమె చెల్లెలు పోయింది. అందుకని కొంగ డాక్టరు పక్క అడవి నుంచి టీకా తెచ్చాడని తెలియగానే, కుంటుకుంటూ అందరికంటే ముందు సభకు వెళ్లింది.

సభాధ్యక్షుడు చిరుతపులి బండమీద కూర్చుని తల ఊపుతున్నాడు. మాట్లాడే పని కార్యదర్శి ముంగిసది.

"టీకా పూర్తిగా సురక్షితం. కుర్ర జింకలకూ అడవిపందులకూ వేసి చూశాం. మర్నాడే పరుగు పందెం ఆడాయి" అన్నాడు ముంగిస.

గవరమ్మ లేచి నిలబడింది. "నాలాంటి వాళ్లకెవరికైనా వేసి చూశారా నాయనా?"

"లేదు. పరీక్షలో ముసలివాళ్లను చేర్చుకోలేదు. వాళ్ల క్షేమం కోసం."

"మరి ఇప్పుడు ముందు ఎవరికి వేస్తారు?"

"ముసలివాళ్లకే. వాళ్ల క్షేమం కోసం."

సభంతా చప్పట్లు కొట్టింది. గవరమ్మ కూర్చుంది గానీ, తనకు జవాబు దొరికిందో లేదో ఆమెకు తేలలేదు.

సాయంత్రం గుంటనక్క ఆమె గుహకు వచ్చాడు. కిందటి ఎన్నికల్లో చిరుతపులి చేతిలో ఓడినవాడు. మోదుగపూల దండ కూడా తెచ్చాడు.

"టీకా వద్దన్నావట. ఎంత ధైర్యం అవ్వా నీది" అన్నాడు.

"వద్దనలేదురా. అడిగాను."

"అడగడమంటే వద్దనడమే కదా" అని మెడలో దండ వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ముంగిస వచ్చాడు. దండ చూసి మొహం మాడ్చుకున్నాడు. "టీకా వద్దని ప్రచారం మొదలుపెట్టారట గవరమ్మగారూ."

"వద్దనలేదు నాయనా. అడిగాను."

"అడగడమంటే వద్దనడమే కదండీ."

బద్ధశత్రువులిద్దరూ ఒకే మాట మీద నిలబడటం గవరమ్మ అప్పుడే మొదటిసారి చూసింది.

ఈలోగా వీరన్న అనే ముసలి కొండముచ్చు టీకా వేయించుకున్నాడు. గవరమ్మకు పాత స్నేహితుడు. చలికాలం నుంచే అతను సరిగ్గా తినడం లేదు, కొమ్మ మారాలంటే మనవడి భుజం పట్టుకునేవాడు. టీకా వేయించుకున్న మూడోనాడు నిద్రలోనే పోయాడు.

"టీకా చంపేసింది" అని గుంటనక్క చెట్టుచెట్టుకూ చెప్పాడు.

"టీకాకూ చావుకూ సంబంధం లేదు" అని సభ దండోరా వేయించింది. శవం ఇంకా కొమ్మ మీద నుంచి దించనే లేదు.

కొంగ డాక్టరు ఒక్కడే, "నన్ను ఒకసారి పరీక్షించనివ్వండి. టీకా వల్లో, పాత జబ్బు వల్లో చూసి చెబుతాను" అన్నాడు.

"పరీక్షిస్తే, పరీక్షించాల్సింది ఏదో ఉందని జనం అనుకుంటారు" అన్నాడు ముంగిస.

"పరీక్షిస్తే ఏమీ లేదని తేలినా తేలొచ్చు. అప్పుడు మా పోరాటం ఏం కావాలి?" అన్నాడు గుంటనక్క.

పరీక్ష వద్దని అధికారపక్షమూ ప్రతిపక్షమూ కలిసి తీర్మానించాయి. అడవి చరిత్రలో అది తొలి ఏకగ్రీవ తీర్మానం. వీరన్నను కాలవ ఒడ్డున పూడ్చిపెట్టారు. గవరమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది. ఎలా పోయాడో చెప్పమని అడగడానికి వీరన్న భార్యకు కూడా భయంగానే ఉంది. అడిగితే ఏ పక్షంలో కలుపుతారోనని.

అక్కడి నుంచి గవరమ్మ తిన్నగా డాక్టరు దగ్గరికి నడిచింది.

"నిజం చెప్పు నాయనా. నాకు వేస్తే ఏమవుతుంది?"

డాక్టరు ఆమె ఛాతీకి తల ఆనించి విన్నాడు. "పూర్తిగా తెలియదు అవ్వా. పక్క అడవిలో నీ ఈడువాళ్లకు వేశాను. సూది గుచ్చినచోట నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం, అంతే. మరీ నీరసించినవాళ్లకు ఆ కాస్త వేడి కూడా భారమవుతుందేమో, అందుకే వాళ్లను దగ్గరుండి చూసుకోవాలి. వణుకుజ్వరం వస్తే మాత్రం నీ గుండె తట్టుకోదు. అది నాకు బాగా తెలుసు. ఇప్పుడు నీకు దగ్గు ఉంది. తగ్గాక రా, వేస్తాను."

"ఈ మాట సభలో ఎందుకు చెప్పలేదు?"

"తెలియదు అనే మాట వాడొద్దన్నారు."

గవరమ్మ నిట్టూర్చింది. తెలియదన్నవాడి మీదే ఆమెకు నమ్మకం కుదిరింది. దగ్గు తగ్గాక వెళ్లి, ముళ్లపంది ముల్లుతో టీకా వేయించుకుంది.

అప్పటికే సభ కొత్త ఆజ్ఞ జారీ చేసింది. టీకా వేయించుకున్న ముసలి జంతువు ఏదీ పక్షం దాకా చావకూడదు. చస్తే కాపలా ఉన్నవాడి ఉద్యోగం పోతుంది. ఒక్కొక్కరికీ ఒక్కో బంట్రోతును పెట్టారు. గవరమ్మకు ఒక తోడేలు వచ్చాడు.

"అవ్వా, బతికే ఉన్నావా?" అని గంటకోసారి లోపలికి తొంగిచూసేవాడు.

"ఉన్నాను."

"బతికించావు."

ఆ రాత్రి ఆమె ఒళ్లు కాలింది. తోడేలు తడి ఆకులు మార్చి మార్చి వేశాడు. రెండోనాటికి తగ్గింది. తరవాత దొప్పలతో నీళ్లు తెచ్చాడు, తేనెపట్టు తెచ్చాడు, వెన్నుకు ఎండ తగిలేలా బయట కూర్చోబెట్టాడు. చెల్లెలు పోయాక గవరమ్మను ఎవరూ తిన్నావా అని అడగలేదు. ఆమె బుగ్గలు నిండాయి. టీకా వేయించుకున్న ముసలివాళ్లందరిదీ అదే తంతు.

పక్షం గడిచింది. తోడేలు నమస్కారం పెట్టాడు. "ఇక నీ ఇష్టం అవ్వా. ఎప్పుడైనా పోవచ్చు" అని వెళ్లిపోయాడు.

మర్నాడు కాలవ దాకా నడవలేక గవరమ్మ దాహంతోనే పడుకుంది. ఆ మర్నాడు పొరుగున ఉన్న ముసలి దుప్పి తనదీ అదే గతి అని చెప్పింది. మూడోనాడు ముసలివాళ్లంతా ఒకరినొకరు ఆనుకుంటూ సభకు వెళ్లి, చిరుతపులి బండ ముందు వరసగా పడుకున్నారు.

"ఏమిటిది?" అన్నాడు ముంగిస కంగారుగా.

"ఏం లేదు నాయనా. ఒంట్లో అదోలా ఉంది. టీకా వల్లో కాదో తెలియడం లేదు" అంది గవరమ్మ మెల్లగా.

పొద చాటున గుంటనక్క చెవులు నిక్కాయి. ముంగిస ఆ చెవులు చూశాడు. చిరుతపులి కూడా చూసి, తల ఊపడం ఆపాడు. ఆజ్ఞలో పక్షం అన్న మాట కొట్టేసి, వానలు వెళ్లేదాకా అని మార్చారు. చీకటి పడకముందే తోడేలు నీళ్ల దొప్పతో తిరిగొచ్చాడు.

వానలొచ్చాయి, వణుకుజ్వరమూ వచ్చింది. టీకా వేయించుకున్న ముసలివాళ్లకు కాస్త ఒళ్లు వెచ్చబడి తగ్గిపోయింది. గుంటనక్క మాట విని వేయించుకోని ఇద్దరు ముసలివాళ్లు మాత్రం పోయారు. వాళ్ల పేర్లు గుంటనక్క ఎక్కడా ఎత్తలేదు.

సభ విజయోత్సవం చేసుకుంది. తన పోరాటం వల్లే కాపలా వచ్చిందని గుంటనక్క వేరే ఉత్సవం చేసుకున్నాడు. టీకా ఎంత కాపాడింది, తిండీ నీళ్లూ ఎంత కాపాడాయి, ఇప్పుడైనా లెక్క తేలుద్దామని డాక్టరు అడిగాడు. పరీక్ష అక్కర్లేదని ఇరుపక్షాలూ మళ్లీ ఏకగ్రీవంగా తీర్మానించాయి.

గవరమ్మ ఆ రెండు ఉత్సవాలకూ వెళ్లలేదు. గుహ ముందు కూర్చుని, ఈసారి ఈగలు తక్కువున్న తేనెపట్టు చూసి తెమ్మని తోడేలుకు పని చెబుతోంది.

నీతి: టీకా ముసలివాళ్లను జ్వరం నుంచి కాపాడుతుంది, మిగతా అన్నిటి నుంచీ కాపాడాలంటే పాలకులకు కాస్త భయం పట్టుకోవాలి.