కంట్రోల్ వరస

పువ్వులకు ఇంతవరకు ఏ ప్రభుత్వమూ న్యాయం చేయలేదని పూల శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ లోటు తీర్చడానికి ప్రభుత్వ గ్రీన్‌హౌస్‌లో చామంతి రకాలకు పోలిక పరీక్ష పెడతామనీ, నెగ్గిన రకానికి దాన్ని సృష్టించినవారి పేరే శాశ్వతంగా పెడతామనీ అన్నారు. పువ్వుల తరఫున ఎవరూ మాట్లాడకపోయినా చప్పట్లు బాగా మోగాయి.

నేను బడిపంతుల్ని. మా ఆవిడ కొన్నేళ్ళపాటు డాబా మీద తెల్ల చామంతినీ పసుపు చామంతినీ కలిపి ఒక కొత్త రకం తీసింది. బయటి రేకులు తెల్లగా, లోపలికి వెళ్ళేకొద్దీ లేత పసుపుగా, కొసలు కాస్త లోపలికి వంగి ఉంటాయి. పేరు పెట్టకముందే ఆవిడ పోయింది. ఉన్న మొక్కలన్నీ పరీక్షకు ఇచ్చేశాను. వాటిని నాలుగో వరసలో నాటి, ముందు ఆవిడ పేరుతో బోర్డు పెట్టారు. ఆ పువ్వుకు ఆ పేరు నిలిస్తే చాలనుకున్నాను.

తీర్పు చెప్పే సంఘంలో ప్రజల తరఫు సభ్యుడిగా కూడా నన్నే వేశారు.

"నా మొక్కలు పోటీలో ఉన్నాయండీ," అన్నాను.

"అందుకేగా. క్రమం తప్పకుండా వస్తారు," అన్నారు ఆఫీసరుగారు. అంత ముందుచూపు ఉన్నవారు కనకనే ఆయన ముగ్గురు మంత్రుల దగ్గర పనిచేయగలిగారు.

మంత్రిగారు పరిశీలనకు వచ్చిన రోజున మొదటి వరస ముందే ఆగిపోయారు. అది మామూలు పసుపు చామంతి. మిగతా రకాలను పోల్చి చూడటానికి వేసినది.

"ఇదేమిటి? బోర్డు మీద కంట్రోల్ అని ఉంది?"

"అవును సార్, ఇది కంట్రోల్," అంది పూల నిపుణురాలు.

"ఎవరి కంట్రోల్?"

నిపుణురాలు నోరు తెరిచేలోపు ఆఫీసరుగారు అందుకున్నారు. "తమరిదే సార్."

"అది కాదు సార్, మిగతావాటన్నిటినీ దీంతో పోల్చి..."

"అంటే అందరూ నాతో పోల్చుకుంటారన్నమాట," అని మంత్రిగారు సంతోషించారు. సాయంత్రానికల్లా ఆ బోర్డు మీద కంట్రోల్ అన్న మాటకు పైన మంత్రిగారి పేరు చేరింది.

మంత్రిగారి వరస చీకట్లో ఉండటం మర్యాద కాదని, దాని మీద రాత్రంతా వెలిగే పెద్ద లైట్లు పెట్టించారు. ఆ వెలుగు పక్క వరసలకు పోయి వృథా కాకుండా చుట్టూ మందపాటి నల్లగుడ్డ తెరలు కట్టించారు. పొదుపు విషయంలో ఆఫీసరుగారిని మెచ్చుకోవాలి.

"రాత్రి చీకటి పడకపోతే చామంతి మొగ్గ వెయ్యదండీ. మా ఆవిడ చెప్పేది," అన్నాను.

"మంత్రిగారి పేరు చీకట్లో పెట్టమంటారా మాస్టారూ? ఈ మాట నాతో అన్నారు కాబట్టి సరిపోయింది."

తీర్పు రోజు పొద్దున తెరలు తీశారు. మొదటి వరసలో నడుమెత్తు ఆకులున్నాయి. ఒక్క మొగ్గ లేదు. నాలుగో వరస విరగబూసి ఉంది. ఆఫీసరుగారు కాసేపు రెండింటినీ చూశారు.

"ఇప్పుడు మొక్కలు పీకి మారిస్తే వాడిపోతాయి," అన్నారు. "బోర్డులు వాడిపోవు."

"అది మా ఆవిడ వరసండీ."

"కాదన్నానా? పోయినవాళ్ళకి పదవులతో పనేముంటుంది మాస్టారూ? మంత్రిగారికి ఉంటుంది. మీరే ఆలోచించండి, చదువుకున్నవారు."

నేను నిపుణురాలి వైపు చూశాను. ఆవిడ మంత్రిగారి బోర్డుకు అంటిన మట్టిని కొంగుతో తుడుస్తోంది.

మంత్రిగారు వచ్చి, నాలుగో వరసకు మారిన తమ పేరు వెనక ఉన్న పువ్వులు చూసుకుని మురిసిపోయారు. "దీని ప్రత్యేకత ఏమిటి మాస్టారూ?"

"తక్కువ నీళ్ళతో సరిపెట్టుకుంటుందండీ. నలుగురి మధ్యా ఉండటం ఇష్టపడదు. తనకేం కావాలో నోరు తెరిచి అడగదు."

"అచ్చం నా స్వభావమే," అన్నారు మంత్రిగారు.

సంఘం ఏకగ్రీవంగా కంట్రోల్‌ను గెలిపించింది. ఏకగ్రీవమని నాకు మర్నాడు పేపర్లో తెలిసింది. మా ఆవిడ పేరున్న వరసకు పూసే అర్హత లేదని తేల్చి పీకించారు. నాలుగు మొక్కలైనా గెలిచిన వరసలోంచి ఇప్పించమని అడిగాను. అది ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి అన్నారు. పీకేసినవి మాత్రం, సానుభూతితో, బోర్డుతో సహా పట్టుకుపొమ్మన్నారు.

తెచ్చి డాబా మీద కుండీల్లో పెట్టి, పక్కనే ఆ బోర్డు నిలబెట్టాను. అవి ఆవిడవి కావు. అయినా ఆవిడ పేరుతో వచ్చాయి కాబట్టి నీళ్ళు పోశాను. మా డాబా మీద లైటు లేదు. కాలం వచ్చేసరికి అన్నీ పసుపుపచ్చగా పూశాయి.

అప్పుడు ఆఫీసరుగారు వ్యానుతో సహా మా ఇంటికి వచ్చారు. గెలిచిన రకానికి సన్మానంగా లైట్లు రెట్టింపు చేశారట. ఆకులు ఏపుగా ఉన్నాయట. రేపు విదేశాల నుంచి అతిథులు పువ్వు చూడటానికి వస్తున్నారట.

"మీవి పూశాయే. ఏం వేశారు వీటికి?"

"చీకటండీ."

"ఆ కంపెనీ మన జాబితాలో లేదే," అని ఆయన ఆలోచనలో పడ్డారు. "సరే, ఈ కుండీలు ఇచ్చెయ్యండి. బదులుగా అక్కడున్న ఆ పనికిరాని ఆకులు మీరు ఉంచేసుకోండి. వ్యానులో తెచ్చాను."

"రంగు వేరు కదండీ. పోయినసారి తెలుపు."

"మంత్రిగారు మొన్న పార్టీ మారలేదూ? ఎవరైనా అడిగారా?"

పసుపు చామంతులు వ్యాను ఎక్కాయి. పూలు లేని మొక్కలు డాబా ఎక్కాయి. ఆకు అంచు చూసి పోల్చుకున్నాను, ఆవిడవే. బోర్డు ఉన్నచోటే ఉంది. దాన్ని కదపలేదు.

మెట్ల దగ్గర ఆఫీసరుగారు ఆగారు. ఆయన కృతజ్ఞత తెలియని మనిషి కాదు.

"మీకు మావాళ్ళతో రెండు పెద్ద లైట్లు పంపిస్తాను మాస్టారూ. మీ ఆవిడ పేరు రాత్రంతా వెలుగుతుంటుంది."

"వద్దండీ," అన్నాను. "ఆవిడకి లైటు ఆర్పితేగానీ నిద్ర పట్టేది కాదు."