మూలాల కోసం ఒక సీటు

"పరాయి దేశంలో పెరిగే ప్రతి బిడ్డకూ తన మూలాలు తెలిసి తీరాలి! ఆ మూలాలు మన ఇండియన్ సిలబస్‌లోనే ఉన్నాయి!"

షార్జాలోని కేరళ పంపాతీర ప్రవాసీ కుటుంబాల సమాఖ్య వార్షిక సమావేశంలో జెస్సమ్మ ఈ మాట అనగానే హాలంతా ఒక్క క్షణం బిర్యానీ తినడం మానేసింది. సమాఖ్య చరిత్రలో అలాంటిది మునుపెన్నడూ జరగలేదు.

జెస్సమ్మకి మూలాల మీద మమకారం పుట్టి అప్పటికి సరిగ్గా పన్నెండు రోజులు. భర్త రెజిమోన్ పనిచేసే కంపెనీ, పిల్లల చదువులకిచ్చే భత్యాన్ని ఏప్రిల్ నుంచి ఆపేస్తున్నట్టు రెండు వాక్యాల ఈమెయిల్ పంపింది. మొదటి వాక్యంలో విచారం, రెండో వాక్యంలో శుభాకాంక్షలు.

అంతవరకూ కూతురు ఐరిన్ గుర్రపుస్వారీ నేర్పే బ్రిటిష్ స్కూల్లో ఒకటో తరగతిలో చేరబోతోందని జెస్సమ్మ చెప్పని ఇల్లు లేదు. ఐరిన్‌కి గుర్రాలంటే చచ్చే భయం. అది వేరే సంగతి.

"ఇప్పుడు అందరికీ ఏమని చెప్పను అచ్చాయా?" అంది జెస్సమ్మ ఆ ఈమెయిల్ చదివి మొగుడితో.

"డబ్బుల్లేవని చెప్పు."

"నలుగురిలో అంత మాట ఎలా అంటాం? మీకు కాస్తయినా లోకజ్ఞానం లేదు!"

"సరే, ముందు సీటు సంగతి చూడు. అది దొరక్కపోతే నువ్వూ పిల్లా మన ఊరు రాన్నికి పోవాల్సిందే. నేను ఎక్కడో ఓ గదిలో మంచం అద్దెకి తీసుకుంటాను."

 మర్నాడే జెస్సమ్మ జ్ఞానదీపం ఇండియన్ స్కూలుకి బయల్దేరింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది, ఎవరైనా చూస్తే గుర్తుపట్టకుండా. మూలాల మాట ఎలా ఉన్నా స్కూలు మాత్రం నిజంగా ఓ మూలే ఉంది. టైర్ల దుకాణాలు దాటి, సిమెంటు గోదాముల వెనకాల. ఆఫీసులో పిళ్లై అనే గుమాస్తా కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు.

"సీట్లున్నాయా?" అంది జెస్సమ్మ గుసగుసగా.

"ముప్ఫై ఉన్నాయి చేచీ," అన్నాడతను మలయాళంలో అక్కా అని పిలుస్తూ. "ఫీజు తక్కువని చెప్పుకోడానికి సిగ్గుపడి ఎవరూ రారు. తొందరేం లేదు, ఫారం నింపుకుని తీరిగ్గా తీసుకురండి."

ఫారం ఇంటికి తెచ్చి రెజిమోన్ ముందు పెట్టింది. రెండో భాష అన్న గడి దగ్గర అతని పెన్ను ఆగింది.

"మలయాళమా, ఫ్రెంచా?"

"ఫ్రెంచ్ రాయండి."

"మరి మూలాలో?"

"అవి ఇంట్లో నేర్పిస్తాను."

"ఇంట్లో దాంతో ఇంగ్లీషులో తప్ప మాట్లాడవు కదా?"

"మీరు టీ తాగండి అచ్చాయా!"

ఫారం ఇచ్చేలోపు పరువు కాపాడుకోవాలి. అందుకే సమావేశంలో ఆ ఉపన్యాసం. గుర్రాలెక్కితే మనవాళ్లు మనవాళ్లు కాకుండా పోతారంది. అమ్మమ్మతో మాట్లాడలేని పిల్లకి షేక్‌స్పియర్ ఎందుకంది. తన మాటలకి తనకే కన్నీళ్లొచ్చాయి. వెనక వరసలో కూర్చున్న రెజిమోన్ మాత్రం బిర్యానీ తింటూనే ఉన్నాడు.

ఉపన్యాసం అవగానే సమాఖ్య అధ్యక్షుడు కుర్యన్ వేదికెక్కి మైకు లాక్కున్నాడు. ఆయనకి మూడు సూపర్‌మార్కెట్లు, ముగ్గురు పిల్లలు. ముగ్గురూ ఆ గుర్రాల స్కూల్లోనే చదువుతున్నారు.

"జెస్సమ్మ నా కళ్లు తెరిపించింది! నా ముగ్గురు పిల్లల్నీ రేపే జ్ఞానదీపంలో చేర్పిస్తున్నాను!"

చప్పట్లు మోగిపోయాయి. ఎవరో వీడియో తీశారు. తెల్లారేసరికి అది అజ్మాన్ నుంచి అబుదాబి దాకా ప్రతి ఫోన్లోనూ తిరిగింది. జెస్సమ్మకి రెండొందల అభినందనలొచ్చాయి. వాటికి జవాబులివ్వడంలో వారం గడిచిపోయింది.

ఎనిమిదో రోజున ఫారం పట్టుకుని వెళ్లింది. ఈసారి కళ్లద్దాలు పెట్టుకోలేదు. టైర్ల దుకాణాల ముందు పెద్ద పెద్ద కార్లు బారులు తీరి ఉన్నాయి. స్కూలు బోర్డు మీద 'ఇంటర్నేషనల్' అన్న కొత్త మాటకి ఇంకా రంగు ఆరలేదు.

"సీట్లయిపోయాయి చేచీ," అన్నాడు పిళ్లై తలెత్తకుండా. "వెయిటింగ్ లిస్టులో మీది అరవై మూడు. ఫీజు కూడా పెరిగింది. ఎవరో మహాతల్లి ఉపన్యాసమిచ్చింది, అప్పట్నుంచి నాకు భోజనానికి కూడా తీరిక లేదు."

తలెత్తి ఆమెని చూశాడు. ఫోన్లో వీడియో చూశాడు. మళ్లీ ఆమెని చూశాడు. గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అయ్యో, మీరేనా! ముందే చెప్పొద్దూ?"

జెస్సమ్మ ప్రాణం లేచొచ్చింది. "అయితే సీటు..."

"సీటు లేదు గానీ చేచీ, కుర్చీ ఉంది. కూర్చోండి, టీ తెప్పిస్తాను."

ఇంకో మూడు ఇండియన్ స్కూళ్లు తిరిగింది. ఆమె ఉపన్యాసం ఆమెకంటే ముందే అక్కడికీ చేరింది. చివరికి గుండె రాయి చేసుకుని కుర్యన్‌కి ఫోన్ చేసింది.

"సార్, మా ఐరిన్‌కి సీటు..."

"నాకు తెలుసు, మీకు దొరకలేదు! పిళ్లై చెప్పాడు. దిగులెందుకు జెస్సమ్మా? బ్రిటిష్ స్కూల్లో మా పిల్లలు ఖాళీ చేసిన మూడు సీట్లున్నాయి. అక్కడ మీ గురించి చెప్పమంటారా?"

"వద్దు సార్," అంది జెస్సమ్మ.

"నిప్పులాంటి మనిషి!" అన్నాడు కుర్యన్, పక్కనున్నవాళ్లకి వినిపించేలా.

మార్చి నెలాఖరుకి టికెట్లు తీసుకున్నారు. జెస్సమ్మ సామాన్లు సర్దుతుంటే ఐరిన్ వచ్చి పెట్టె పక్కన కూర్చుంది.

"అప్పా బట్టలు పెట్టలేదేం అమ్మా?"

"అప్పా తర్వాత వస్తారు మోళే."

"తర్వాత అంటే ఎప్పుడు?"

 జెస్సమ్మ మడతపెట్టిన గౌనునే విప్పి మళ్లీ మడతపెట్టింది. రెజిమోన్ వచ్చి పెట్టె జిప్పు లాగాడు.

సమాఖ్య వీడ్కోలు సభ పెట్టింది. "మనమంతా మాటల్లో చెప్పుకునేది ఈ తల్లి చేతల్లో చూపించింది! మూలాల కోసం సంసారాన్నే త్యాగం చేసి మాతృభూమికి తిరిగెళ్తోంది!" అంటూ కుర్యన్ ఆమెకి జరీ అంచు శాలువా కప్పాడు. రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చాడు.

జెస్సమ్మ మొగుడి వైపు చూసింది. అతను ఆ రోజు బిర్యానీ ముట్టలేదు. ఆమె మైకు దగ్గరికి తీసుకుంది.

"త్యాగం లేదు, ఏమీ లేదు. మా దగ్గర డబ్బుల్లేవు. చవక స్కూల్లో సీటు కోసం వెళ్లాను, దొరకలేదు. అందుకే పోతున్నాం."

 హాలంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత లేచి నిలబడింది.

"చూశారా వినయం!" అంటూ కుర్యన్ కళ్లు తుడుచుకున్నాడు. "ఈవిడ బాటలో భార్యాపిల్లల్ని స్వదేశానికి పంపేవాళ్లు ఇంకెవరైనా ఉంటే చేతులెత్తండి!"

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. చేతులన్నీ చప్పట్లు కొడుతున్నాయి.