మా వైన్ మేం తాగకూడదు!

మా ఊరి వైన్‌ను మా ఊరివాళ్ళు తాగలేకపోవడం మా పూర్వజన్మ సుకృతం! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

ఒకప్పుడు స్పెయిన్‌లో దువేరో నది ఒడ్డున మా ఊళ్ళో ఎర్ర వైన్ మంచినీళ్ళలా దొరికేది. పొరోన్ అని, పొడవాటి ముక్కున్న గాజు కూజా, చేతులు మారుతూ తిరిగేది. పెదవి తగలకుండా ఎత్తి పోసుకునేవాళ్ళం. చొక్కాలు ఖరాబయ్యేవి. పాటలు మొదలయ్యేవి. ఎంత అనాగరికం!

తర్వాత కంపెనీ వచ్చింది. మా ముసలి ద్రాక్ష తీగలు వందేళ్ళు దాటాయని, అవి కాసే ఆ నాలుగు గుత్తుల్లోనే అమృతం ఉందని కనిపెట్టింది. తోటలు కౌలుకు తీసుకుని కాయ మొత్తం పట్టుకెళ్ళింది. ఇప్పుడు మా వైన్ దూరదేశాల హోటళ్ళలో తాళం వేసిన అద్దాల బీరువాల్లో ఉంటోంది. మేం మా బార్‌లో బీరు తాగుతున్నాం. ఇంతకంటే అభివృద్ధి ఇంకేం కావాలి?

ఈ సుఖం కసిల్డా పెద్దమ్మకు మాత్రం పట్టలేదు. ఊళ్ళోకెల్లా ముసలి తోట ఆవిడదే, వాళ్ళ తాత నాటింది. సీసా మీద ఫొటోలో కనిపించే ముడతల చేతులూ ఆవిడవే. మొహం పెడితే డిజైన్ పాడవుతుందన్నారు. ఆ సీసాలో ఉన్నదాన్ని ఆవిడ ఒక్కసారీ రుచి చూడలేదు.

కౌలు మళ్ళీ రాయించుకోవడానికి ఈ వేసవిలో మేనేజర్ గొన్సాలో ఆవిడను కంపెనీకి పిలిచాడు. తోడుగా నన్ను లాక్కెళ్ళింది. ఆ రోజే విదేశీ నిపుణులూ వచ్చారు. అందరికీ గ్లాసు అడుగున ఇంత పోశారు. వాళ్ళు గిరగిరా తిప్పారు, వాసన చూశారు, పుక్కిలించారు, ఎంతో మర్యాదగా బకెట్లో ఉమ్మేశారు.

"అయ్యో, బాలేదా?" అంది పెద్దమ్మ కంగారుగా.

"అద్భుతంగా ఉందమ్మగారూ! అందుకే ఉమ్ముతున్నారు," అన్నాడు గొన్సాలో.

పెద్దమ్మ సంచిలోంచి తీపి సోడా సీసా తీసింది. మా ఊళ్ళో మధ్యాహ్నం వైన్‌లో సోడా కలపకుండా ఎవరు తాగుతారు? గ్లాసులోకి బుస్సుమని పోసింది. నిపుణుల్లో ఒకాయన కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మగారూ! అది మహాపాపం!"

"ఉమ్మడం పుణ్యమా మరి? పోవోయ్!" పెద్దమ్మ గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది. "బ్రహ్మాండంగా ఉంది అబ్బాయ్. సంతకం పెడతాను గానీ, ఏటా ఒక్క పీపా మా ఊరికి వదిలెయ్. అందరం కలిసి తాగుతాం."

"సోడాతోనా? పొరోన్‌తోనా? ఎవరైనా ఫొటో తీస్తే మా బ్రాండ్ ఏమైపోవాలండీ?"

"మా తాత నాటింది మీ బ్రాండ్‌ని కాదు నాయనా," అంటూ పెన్ను బల్ల మీద పెట్టేసి లేచింది.

చూశారా ఎంత మూర్ఖత్వమో! సెప్టెంబరులో ద్రాక్ష కోతకు కంపెనీ కూలీలు ఆ తోటకు రాలేదు. ఊరంతా కదిలింది. నేను కేవలం ఖండించడానికే వెళ్ళాను. ఖాళీ చేతులతో ఖండిస్తే బాగుండదని కత్తెర పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి నాతో మాటల్లేని మా బావమరిది గంప రెండో వైపు పట్టుకున్నాడు. "వంగి ఎత్తకు బావా, నడుం పోద్ది," అన్నాడు. నేను బుద్ధిగా మోకాళ్ళు వంచి ఎత్తాను.

నవంబరులో, కొత్త వైన్ రుచి చూసే శాన్ మార్టిన్ పండగనాడు, కొండలో తవ్విన పెద్దమ్మ నేలమాళిగలో పీపా తెరిచాం. నిజం చెప్పొద్దూ, వైన్ కాస్త పుల్లగానే ఉంది. బావమరిది మరీ ఎత్తు నుంచి పోస్తే సగం నా ముక్కులోకి పోయింది. పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. "ఈ మాత్రం గోల విని ఎన్నాళ్ళయిందిరా," అంది. ఒక్క చుక్క కూడా ఎవరూ ఉమ్మలేదు.

ఇప్పుడు కంపెనీ పక్క ఊళ్ళో ముసలి తోటల కోసం వెతుకుతోందట. వాళ్ళ అదృష్టం పండింది! మా ఊరికి మాత్రం దాహం వేసినవాళ్ళు వస్తే చాలు.