డిష్‌కి తీసిన కొలతలు

ఆ రోజు ఎలాగైనా లాయరుగారి నల్లకోటు పూర్తి చేసెయ్యాలని టైలరు పొద్దున్నే మిషను ముందు కూర్చున్నాడు. వార్తల కోసం టీవీ పెట్టి పొరపాటున వేరే నంబరు నొక్కాడు. ఎప్పుడూ "ఈ ఛానెల్ మీ ప్యాకులో లేదు" అని మొహం మీద కొట్టినట్టు చెప్పే చోట తెరంతా సముద్రం. అందులోంచి ఒక తిమింగలం, పిల్లని పక్కన పెట్టుకుని, తొందరేమీ లేకుండా వచ్చింది. దాని కన్ను నేరుగా తనకేసి చూసింది. ఇంత పెద్ద ఒళ్లు, ఎక్కడా ఒక్క అతుకు లేదు. టైలరు కాలు మిషను మీద ఆగిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిన్న డాబా మీద బట్టల తీగ కడుతూ డిష్‌కి మోచెయ్యి తగిలించింది బావమరిది. ఏ పనిలోనూ కుదురుగా నిలవని మనిషి. వీధివైపు గదిలో రిపేరు కొట్టు పెట్టుకుంటానని ఏడాదిగా ప్రాణం తోడేస్తున్నాడు. ఆ గది పోతే తన మిషను వెనకగదికి పోతుందని టైలరు భయం. అందుకే "ఒక్క వస్తువు బాగుచేసి చూపించు, గది నీదే" అని ధీమాగా మాటిచ్చాడు.

"డిష్‌ని ఏం చేశావురా?"

"కొంచెం పక్కకి జరిగింది బావా," అన్నాడు బావమరిది. అబద్ధం కాదు కదా.

మా తమ్ముడి చేతిలో ఏదో ఉందని నేనెప్పుడో చెప్పానంది టైలరు భార్య. టైలరు టేపు తీసుకుని డాబా ఎక్కాడు. కోటుకి తీసినంత శ్రద్ధగా డిష్‌ చుట్టుకొలత, వంపు, గోడకి దూరం కొలిచి, చుట్టూ సుద్దతో గీత గీశాడు. దిగొచ్చి, ఇచ్చిన మాట ప్రకారం మిషనుని వెనకగదికి ఈడ్చాడు.

కోటు కోసం వచ్చిన లాయరుగారు టీవీలో మంచుకొండ చూసి కోటు సంగతే మరిచిపోయి, బావమరిదిని తన ఇంటికి లాక్కెళ్లారు. అక్కణ్ణించి వీధి వీధంతా పిలిచింది. బావ కొలతలు పట్టుకుని అతను ఏ డిష్‌ని నూలుపోగంత జరిపినా అన్ని ఛానెళ్లూ వచ్చాయి. మంచం దిగని ఒక పెద్దావిడ ఎడారిలో పువ్వు విచ్చుకోవడం చూసి, చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిపించి చూపించింది.

వారం తిరిగేసరికి కొత్తగా వచ్చిన ఛానెళ్లన్నీ ఒకేసారి పోయాయి. టైలరు డాబా మీదికి పరుగెత్తాడు. డిష్‌ గీత దాటలేదు. మర్నాడు టీవీ కంపెనీ మనిషి వచ్చాడు.

"రుచి చూపిస్తే కొంటారని అప్పుడప్పుడూ వారంపాటు అందరికీ తెరుస్తామండీ. దానికీ డిష్‌కీ సంబంధం లేదు."

టైలరుకి ప్రాణం లేచొచ్చింది. గది మళ్లీ తనదే.

"మామూలుగా ఎవరూ గమనించను కూడా గమనించరు," అన్నాడు కంపెనీ మనిషి. "మీ వీధిలో ఇంటింటా చూశారు, ఇవాళ ఇంటింటా కొన్నారు. డిష్‌లు తిప్పినాయన ఎక్కడండీ? ఆయన్ని ఏజెంటుగా పెట్టుకుందామని వచ్చాను."

ముందుగదికి బోర్డు ఎక్కింది. వచ్చినవాళ్లకి చూపించాలని టీవీ కూడా అక్కడే ఉండిపోయింది. గోడవతల తిమింగలం పాడినప్పుడల్లా వెనకగదిలో మిషను ఆగిపోతుంది. లాయరుగారి కోటుకి ఇంకా ఒక చెయ్యే ఉంది.